రెండో కలుపు

సీతారామపురం దాటి వెలిగొండ వైపు తిరిగితే
ఎర్రమట్టి అయిపోయే చోట మా ఎకరన్నర.
వేరుశనగ మూడేళ్ళు వరసగా ముంచాక
పోయినేడు పెన్నేరు చల్లాను.
విత్తనానికి అప్పు చేశాను, తక్కినదానికి ధైర్యం.

మొదటి కలుపు తీయించాను.
రెండోదానికి చేతిలో పైకం లేక
ఆకు పచ్చగానే ఉండాదిలే అనుకున్నా.
మాఘంలో తవ్వితే
వేళ్ళు కాదు, జనపనార పోగులు.

పామూరు నుంచొచ్చిన ఖాజావలి
ఒక వేరు తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు.
విరగలేదది, వంగింది.
"గడ్డి తినగా మిగిలిన ఎంగిలి పెద్దాయనా ఇది" అని
నేను చెప్పిన ధరలో మూడో వంతు లెక్కపెట్టాడు,
చిల్లరతో సహా.

ఈ ఏడు చవితి వానకి మళ్ళీ చల్లాను.
ఇరవయ్యో రోజుకే చేను కనపడలేదు, గడ్డి కనపడింది.
మాల్యాద్రి కొట్లో డబ్బా చూపించాడు:
"రెండు పంపులు మందు కొట్టు, కూలోళ్ళ పనుండదు."

మందు చేలో మందా?
ఈ వేరు పొడై ఎవరి పాలల్లో కలుస్తుందో,
ఏ బాలింతో, నిద్ర పట్టని ఏ ముసలోడో.
నా గడ్డి చావు వాళ్ళ గొంతులో ఎందుకు దిగాల?
డబ్బా బల్ల మీదే పెట్టి
పెంచలమ్మను పిలుచుకొచ్చాను.

ఆమెతో ఆరుగురు, ఆరు తొలికలు.
పెంచలమ్మకు కళ్ళు మసక, వేళ్ళకు మసక లేదు.
మునుం పట్టి కూర్చుందంటే
ఆకు చూడదు, కాడ తడుముతుంది.
మూడు పలకలుంటే తుంగ.
"పైన తెంపితే నవ్వుద్ది అబ్బయా, కింద గడ్డ రావాల."
తొలిక మొనతో నేలను చీలుస్తుంది,
నల్లటి గడ్డలు పూసలపేరులా
ఒకదాని తోక పట్టుకుని ఒకటి బయటికొస్తాయి.

అన్నీ గట్టున పారెయ్యలేదు ఆమె.
తుంగగడ్డ కొంగులోకి, మనవడి జ్వరానికంట.
గలిజేరు వేరు ఇంకో మూల ముడి, కాళ్ళ నీరుకి.
నేల ఉసిరి కామెర్లకి,
దేవమ్మచెరువోళ్ళు అడిగిపెట్టారంట.
నా చేనుకి కలుపు, ఆమె కొంగుకి పంట.
వయ్యారిభామను మాత్రం
పూతకి రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకుని పీకి
"దీనికి ఏ రోగమూ భయపడదు" అంది.

పొద్దు వాలాక
నేను చూడలేని పని మొదలెట్టింది.
గుబురుగా మొలిచిన చోట మంచి మొక్కల్నే,
నాలుగాకులేసి నవనవలాడే వాటినే,
జానెడుకొకటి ఉంచి పీకేస్తోంది.
"అది కలుపు కాదు పెంచలమ్మా!"
"కాదా? పక్కదాని కూడు తినేది
ఏదైనా దానికి కలుపే."
విత్తనాల బిల్లు గుర్తొచ్చి
నేను కొండవైపు తిరిగి నిలబడ్డాను.

తుఫాను పోయాక రెండో కలుపు.
మా ఆవిడ ఎనిమిది వందలు తోసి చీటీ పాడింది.
ఆ మాట ఆమె అనలేదు,
చీటీ పుస్తకం గూట్లో తెరిచి పెట్టి ఉంది.

మాఘం. కాయలు ఎర్రబడి ఆకు వడిలింది.
గడ్డపార దిగితే గుర్రపుశాల వాసన.
ఖాజావలి చెవి దగ్గర
చిటికెన వేలంత వేరు టక్కుమంది,
లోపల తెల్లటి పిండి.
ఏమీ అనలేదు. ధర చెప్పాడు.
మట్టికని బస్తాకు కిలో తగ్గించాడు,
అది వాళ్ళ కులవృత్తి అనుకున్నాను.

మర్నాడు ఖాళీ చేలో పెంచలమ్మ,
వంగి వంగి వెతుకుతోంది.
"ఒక్క గలిజేరన్నా లేదేంది అబ్బయా,
ఇంత శుభ్రంగా పెట్టుకుంటే
మేమెట్టా బతికేది?"

అన్నది ఎగతాళికో నిజానికో.
ఈసారి చల్లేటప్పుడు
ఉత్తరపు గట్టుకింద రెండు సాళ్ళు వదిలేస్తాను.
దానికేం పంటని రాసుకుంటారో
సర్వేకొచ్చే కుర్రాణ్ణి అడగాలి.